పెద్ద కార్బ్ మోజు, సిల్క్ బోర్డ్ సిగ్నలు

క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఏ బండైనా ముందుకి పోవాలి కదా, నాది మాత్రం ఒక తుమ్ము తుమ్మి, ముక్కు కిందికి ఊపి, చచ్చేది. అదీ బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్లో, సాయంత్రం ఏడింటికి, వెనక బీఎంటీసీ బస్సు హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా కొడుతుంటే. బానెట్ ఎత్తి చూస్తే మాత్రం రెండు వెబర్ 40 డీసీఓఈ కార్బులు (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్లు) పక్కపక్కన మెరిసిపోతూ ఉండేవి, ఎవరు చూసినా ఫొటో తియ్యకుండా వదిలేవాళ్ళు కాదు. ఫొటోకి బాగుండి రోడ్డుకి పనికిరాని సామాను కోసం నేను ఏడాదిన్నర కొట్టుకున్నా, ఆ కథే ఇది.

బండి గురించి ముందు చెప్పేస్తా. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్. కాంటెస్సాలో వచ్చిన ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజన్నే 5 గేర్లతో కంపెనీవాళ్ళే అంబాసిడర్లో దించిన మోడల్, కాబట్టి ఇంజన్ మార్చావా అని ఎవరైనా అడిగితే ఆర్సీ చూపిస్తా. మదనపల్లెలో మా పెదనాన్న వాడిన బండి, ఆయన పోయాక షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే నేను బెంగళూరు తెచ్చుకున్నా. ముందు బంపర్ పీకేసి, స్ప్రింగులు కొంచెం దించి, వెనక వెడల్పు టైర్లు వేశా. దీన్ని హాట్ రాడ్ అంటే నవ్వేవాళ్ళు నవ్వండి, 1930లు, 40ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు చేసింది కూడా ఇంతకంటే గొప్పదేం కాదు, చవగ్గా దొరికిన పాత ఫోర్డ్ కొని, మడ్‌గార్డులు పీకి, ఫ్లాట్‌హెడ్ వీ8 మీద స్ట్రోంబర్గ్ 97 కార్బులు రెండో మూడో వరసగా పెట్టడం. ఆ 97 అంటే ఏదో సంవత్సరమో మోడల్ నంబరో అని చాన్నాళ్ళు అనుకున్నా, తీరా చూస్తే వెంచురీ, అంటే గాలి దూరే సన్నటి మెడ, దాని సైజు, 0.97 అంగుళం. అంటే మూడు పెట్టినా ఒక్కోటీ చిన్న కార్బే. ఈ ముక్క అప్పుడే బుర్రకెక్కి ఉంటే నా డబ్బులు మిగిలేవి.

నేను చేసింది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం. వీడియోల్లో వీ8 వాళ్ళని చూశా, రేస్ బళ్ళ మీద పక్కనించి గాలి పీల్చే సైడ్ డ్రాఫ్ట్ వెబర్లు చూశా, సిలిండర్‌కి ఒక గొంతు చొప్పున నాలుగు గొంతులు, ఆ గుర్రుమనే సౌండు, ఇంక ఆగలేకపోయా. జేసీ రోడ్డంతా తిరిగి, దొరక్క, ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ సెట్టు తీసుకున్నా. కార్బ్‌నించి ఇంజన్‌కి గాలి మోసే గొట్టాలు, అదే మానిఫోల్డ్, లేదు, వెల్డింగ్ చేయించా. లోపల 34 మిల్లీమీటర్ల చోకులున్నాయి. చోక్ అంటే ఇక్కడ పొద్దున్నే లాగే చోక్ కాదు, ఇందాకటి వెంచురీయే. 34 అయితే ఏంటి అని అమ్మినాయన్ని అడిగితే "పెద్దదే కదా సార్, ఇంకా మంచిది" అన్నాడు. నాకూ అదే వినాలనుంది కాబట్టి విన్నా.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, బోర్ అనుకోకండి, ఈ ఒక్క లెక్క చేసుకుంటే చాలా తప్పులు ఆగిపోతాయి. ఇంజన్ సైజు క్యూబిక్ అంగుళాల్లో తీసుకుని, ఎంత ఆర్‌పీఎం దాకా నిజంగా తిప్పుతామో దాంతో గుణించి, 3456 తో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి మింగుతుందో వస్తుంది. 3456 ఎక్కడిదంటే, ఘనపుటడుగుకి 1728 ఘనపుటంగుళాలు, ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి నిండుతుంది, రెండు 1728లు. నాది 1817 సీసీ, అంటే దాదాపు 111 క్యూబిక్ అంగుళాలు, 5500 ఆర్‌పీఎంకి లెక్కేస్తే 177 సీఎఫ్‌ఎం. ఏ మామూలు ఇంజనూ పూర్తిగా నిండదు, 80 శాతం అనుకుంటే 141. అంతే. అమెరికావాళ్ళ 350 క్యూబిక్ అంగుళాల చెవీ (షెవర్లే) వీ8 కూడా 6000 దగ్గర 85 శాతం లెక్కన 516 తాగుతుంది, మరి దాని మీద 750 సీఎఫ్‌ఎం హోలీ కార్బ్ పెట్టి సిగ్నల్లో నాలాగే తుమ్మేవాళ్ళు అక్కడా బోలెడుమంది. ఇంకో సంగతి, రెండు బ్యారెళ్ళ (గొంతుల) కార్బుల సీఎఫ్‌ఎం 3 అంగుళాల పాదరసం లాగుడు దగ్గర కొలుస్తారు, నాలుగు బ్యారెళ్ళవి 1.5 దగ్గర, కాబట్టి డబ్బా మీద నంబర్లు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

పెద్దదైతే నష్టమేంటి, గాలి ఎక్కువే కదా పోతుంది అని నాకూ అనిపించింది. కార్బ్ పనిచేసేది గాలి వేగం మీద. మొక్కలకి నీళ్ళు పట్టే పైపు మూతి నొక్కితేనే నీళ్ళు చిమ్ముతాయి, వదిలేస్తే కాళ్ళ మీద కారతాయి, అట్లాంటిదే. మెడ సన్నగా ఉంటే గాలి జోరుగా పోతుంది, అక్కడ ప్రెషర్ పడిపోతుంది, ఆ పడిపోయిన ప్రెషరే ఫ్లోట్ గిన్నెలోంచి (కార్బ్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నె) పెట్రోల్ని పైకి పీలుస్తుంది. మెడ వెడల్పైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి నీరసంగా పోతుంది, పెట్రోల్ లేవదు, లేచినా తుంపరగా కాకుండా చుక్కలుగా పడుతుంది. నా 450 సీసీ సిలిండర్‌కి, నేను తిప్పే ఆర్‌పీఎంకి 28, 30 చోక్ ఉంటే సరిపోయేది. 34 తో 4000 పైన మాత్రం బండి నిజంగా బుల్లెట్టే, అబద్ధం చెప్పను, కానీ బెంగళూరులో 4000 పైన ఎక్కడ తిప్పుతాం చెప్పండి, హెచ్ఎస్ఆర్ నుంచి కోరమంగళ పోయేసరికి నా బండి బతుకంతా 900కీ 2500కీ మధ్యే గడిచిపోతుంది.

విల్సన్ గార్డెన్ వైపు ఒక పెద్దాయన చిన్న షెడ్డు నడుపుతాడు, హిందూపురం మనిషి, నలభై ఏళ్ళుగా ఇక్కడే, నేను మేస్త్రీ అంటా, ఆయన అందర్నీ సామీ అంటాడు. ఆయన బానెట్ ఎత్తి, రెండు డీసీఓఈలూ చూసి, ఏం మాట్లాడకుండా బీడీ వెలిగించుకుని దూరంగా పోయి కూచున్నాడు. (పెట్రోల్ కారే కార్బ్ దగ్గర బీడీ వెలిగించనంత జాగ్రత్త ఉంది, అదొక్కటి చాలు నాకు.) కాసేపటికి అన్నాడు, "సామీ, ఇది పందేనికి పోతాదా, ఆఫీసుకి పోతాదా?" ఆఫీసుకే అన్నా. "మరి ఆఫీసుకి పోయే కార్బేటరు పెట్టుకో."

ఆ సెట్టు అమ్మేశా, కొన్న ధరకి కాదనుకోండి. తీసుకున్నది వెబర్ 32/36 డీజీవీ. దీంట్లో రెండు గొంతులుంటాయి, ఒకటి 32 మిల్లీమీటర్లు, ఇంకోటి 36, కానీ రెండూ ఒకేసారి తెరుచుకోవు. మామూలుగా నడిపేటప్పుడు 32 ఒక్కటే పనిచేస్తుంది, పెడల్ సుమారు మూడింట రెండొంతులు దాటాక లింకేజీ రెండోదాన్ని లాగుతుంది. ఊళ్ళో చిన్న కార్బ్, హైవే మీద పెద్ద కార్బ్, రెండూ ఒకే ఒంట్లో. వీధుల్లో తిరిగే నాలుగు సిలిండర్ల బండికి దీనంత తెలివైన సామాను నాకైతే కనపళ్ళేదు, ఫొటోకి మాత్రం ఏం బాగోదు, పైన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పెడితే అసలు కనపడనే కనపడదు. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, దీనికి నకళ్ళు బోలెడు. అచ్చం అట్లాగే ఉంటాయి గానీ జెట్ (పెట్రోల్ని కొలిచి వదిలే చిన్న రంధ్రమున్న ముక్క) మీద 140 అని కొట్టి ఉన్నా రంధ్రం 140 ఉంటుందని గ్యారంటీ లేదు, థ్రాటిల్ షాఫ్ట్, అంటే గొంతు తెరిచి మూసే రేకు తిరిగే కడ్డీ, మొదట్నించే లూజు. షాఫ్ట్ పట్టుకుని పైకి కిందికి ఊపి చూడండి, టకటకమంటే అక్కడే వదిలెయ్యండి, ఆ సందులోంచి గాలి దూరితే ఐడ్లింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజన్ తిరగడం) ఎప్పటికీ నిలబడదు.

సరే కార్బ్ బిగించాం, అడాప్టర్ ప్లేట్ వేసి. నేనేమో వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నా, మేస్త్రి చేతి మీద కొట్టాడు. ముందు ప్లగ్గులు, పాయింట్ గ్యాప్, టైమింగ్, టాపెట్లు. ఇవి సరిలేకుండా కార్బ్ తిప్పడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే అని అర్థమైంది, ఎందుకంటే మూడో సిలిండర్ ప్లగ్ వైర్ లోపల తెగి ఉంది, ఆ మిస్సింగ్‌ని నేను నెలలపాటు డీసీఓఈ ఖాతాలో రాసుకున్నా. తర్వాత ఇంజన్ తిరుగుతుండగా మానిఫోల్డ్ అంచుల చుట్టూ కార్బ్ క్లీనర్ స్ప్రే కొంచెం కొంచెం కొట్టి చూశాడు, ఎక్కడ కొడితే ఆర్‌పీఎం మారుతుందో అక్కడ గాలి లీకు. మన అడాప్టర్ ప్లేట్ కింద గ్యాస్కెట్టే. (ఇంజన్ వేడెక్కక ముందే చెయ్యండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని. నేను నవ్వుతూ చెప్పట్లేదు.) ఇంకోటి పెట్రోల్ ప్రెషర్. వెబర్‌కి 2.5 నుంచి 3.5 పీఎస్‌ఐ చాలు. నేను ఎవరో చెప్పారని ఎలక్ట్రిక్ పంప్ పెట్టా, అది 6 తోస్తోంది, గిన్నె నిండాక పెట్రోల్ని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ ఆపలేక ఓవర్‌ఫ్లో. డీసీఓఈలప్పుడు ప్లగ్గులు నల్లగా తడిసిపోవడానికి సగం కారణం అదే అయ్యుంటుంది. రెగ్యులేటర్ పెట్టి 3కి దించాం.

ఇప్పుడు అసలు ట్యూనింగ్, అంటే ఐడిల్ సర్క్యూట్, ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇచ్చే దారి. మెయిన్ జెట్ మెయిన్ జెట్ (స్పీడులో పెట్రోల్ ఇచ్చేది) అని అందరూ అదే మాట్లాడతారు గానీ ఊళ్ళో తిరిగే బండి ఎక్కువ సేపు బతికేది ఐడిల్ జెట్ మీదా, దాన్నించి పెట్రోల్ అందుకునే ప్రోగ్రెషన్ రంధ్రాల మీదా. థ్రాటిల్ రేకు మూసి ఉన్నప్పుడు ఆ రంధ్రాలు దాని వెనక దాక్కుని ఉంటాయి, కొంచెం తెరవగానే ఒక్కోటి బయటపడి పెట్రోల్ ఇస్తాయి, మెయిన్ జెట్ అందుకునేదాకా బండిని మోసేది అవే. ఐడ్లింగ్ స్పీడు మార్చే ఐడ్లింగ్ స్క్రూ ఎక్కువ బిగించి రేకుని ఎప్పుడూ తెరిచి పెట్టేస్తే ఆ రంధ్రాలు ముందే ఖర్చయిపోతాయి, తొక్కగానే ఇవ్వడానికి ఏమీ మిగలదు. తుమ్ము అక్కడే పుడుతుంది.

మేస్త్రి చేసే పద్ధతి ఇది. ఇంజన్ బాగా వేడెక్కాలి, చోక్ (ఈసారి పొద్దున్నే లాగేదే) పూర్తిగా తెరుచుకోవాలి. ఐడ్లింగ్ స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్ళీ లివర్‌కి తగిలేదాకా తెచ్చి, అక్కడ్నించి ఒక్క చుట్టు లోపలికి. ఐడ్లింగ్‌లో పెట్రోల్ మోతాదు మార్చే మిక్చర్ స్క్రూ మెత్తగా చివరిదాకా బిగించి (గట్టిగా బిగిస్తే సూది మొన చెడిపోతుంది) రెండు చుట్లు బయటికి. స్టార్ట్ చేసి, మిక్చర్ స్క్రూని లోపలికి తిప్పుకుంటూ పోతే ఒకచోట ఇంజన్ కుంటుతుంది, అక్కడ్నించి మెల్లగా వెనక్కి తిప్పుతూ సాఫీగా, ఎక్కువ ఆర్‌పీఎం వచ్చే చోట ఆపాలి. ఆ తర్వాతే నేను ఎప్పుడూ చెయ్యని పని చేశాడు, ఎన్ని చుట్లయిందో లెక్కపెట్టాడు. మూడు చుట్లు. "జెట్టు చిన్నది సామీ." రెండున్నర దాటి బయటికొస్తే గానీ బాగా తిరగట్లేదంటే ఐడిల్ జెట్ చిన్నదని, ఒక చుట్టు లోపలే బాగుందంటే పెద్దదని. ఐడ్లింగ్ స్క్రూ కూడా ఒకటిన్నర చుట్టు మించి బిగించాల్సొస్తుందంటే అదే కథ. స్క్రూతో ఎంత తిప్పినా సరిదిద్దలేని దాన్ని ఆ స్క్రూయే చెప్పేస్తుందన్నమాట. 50 తీసి 55 వేశాం, స్క్రూ ఒకటీ ముప్పావు దగ్గర ఆగింది, అదే సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర బండి మొదటిసారి తుమ్మకుండా కదిలింది, నేను ఒక్కణ్ణే కార్లో ఈల వేసుకున్నా.

తొక్కిన క్షణంలో ఇంకా కొంచెం తడబాటు ఉండేది, అది యాక్సిలరేటర్ పంపు, తొక్కగానే అదనంగా పెట్రోల్ చిమ్మేది. ఇంజన్ ఆపి, టార్చ్ వేసి గొంతులోకి చూస్తూ లివర్ లాగితే పెట్రోల్ ధార వెంటనే సన్నగా రావాలి. మాది ఆలోచించుకుని వచ్చేది. పెట్రోల్ని నెట్టే రబ్బరు పొర, డయాఫ్రం, గట్టిపడి పోయింది. ఇక్కడే ఈ20 సంగతి వస్తుంది.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దాన్ని ప్రధాని మొదలుపెట్టింది కూడా మన బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరిలో ఇండియా ఎనర్జీ వీక్‌లో. పాత రబ్బరుకి ఇథనాల్ పడదు, కొన్ని ఉబ్బుతాయి, కొన్ని బిరుసెక్కుతాయి. హోసులు, డయాఫ్రం, నీడిల్ వాల్వ్ మొన అన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్చుకోవాల్సిందే. నెలరోజులు బండి తియ్యకపోతే ఆ పెట్రోల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది కూడా. అదంతా ఒకెత్తు, లెక్క ఇంకోఎత్తు. మామూలు పెట్రోల్‌కి గాలి 14.7కి 1 అని మనం చదువుకున్నాం, ఈ20కి అది సుమారు 13.5. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ పెట్రోల్ పొయ్యాలి, కార్బ్‌కి ఆ సంగతి తెలీదు, ఇంజెక్షన్ బళ్ళలో సెన్సర్ చూసి సర్దుకుంటుంది, ఇది పాత జెట్‌తో పాత లెక్కే పోస్తుంది, బండి లీన్ (పెట్రోల్ తక్కువ) అయిపోతుంది.

మరి బెంగళూరు 920 మీటర్ల ఎత్తు. గాలి ఇక్కడ చెన్నైకంటే సుమారు 10 శాతం పలచన, పెట్రోల్ మాత్రం ఆ మోతాదులో తగ్గదు, వర్గమూలం లెక్కన సగమే తగ్గుతుంది, కాబట్టి సముద్రమట్టంలో ట్యూన్ చేసిన కార్బ్ ఇక్కడ 5 శాతం దాకా రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. ఎత్తు ఒక చేత్తో ఎక్కువ పోస్తుంటే ఈ20 ఇంకో చేత్తో తగ్గిస్తోంది, రెండూ కలిసి మా ఊళ్ళో 135 మెయిన్ జెట్ దాదాపు సరిపోయి కూచుంది, నేనేదో పెద్ద ట్యూనర్ని అనుకున్నా. పోయిన సంక్రాంతికి ఆ భ్రమ పోయింది.

మా అత్తగారిల్లు చెన్నై పెరంబూర్. కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా పోయా, మొగిలి ఘాట్ దిగేదాకా బండి వెన్నలాగా ఉంది. చిత్తూరు దాటాక 80 మీద నిలకడగా పోతుంటే ఎవరో వెనకనించి తాడు కట్టి లాగి వదిలినట్టు చిన్న చిన్న కుదుపులు. శ్రీపెరుంబుదూర్ వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు కూడా రెండు గీతలు పైకి. ఎత్తు చేసే సాయం పోయింది, ఈ20 చేసే కోత మిగిలింది. మామగారి స్నేహితుడొకాయన, షోలవరం పాత విమానాల స్ట్రిప్ మీద రేసులు జరిగే రోజుల్నించి ఈ పిచ్చి ఉన్నాయన, నన్ను నాలుగో గేర్లో కొంచెం సేపు నిలకడగా పోనిచ్చి, క్లచ్ తొక్కి ఇంజన్ ఆపించి, బండి పక్కకి తీసి ప్లగ్ విప్పాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "ఏం బాబూ, ఇంజన్‌ని ఆకలితో పరిగెత్తిస్తున్నావే." నా దగ్గర 140 జెట్ ఉంది, ఆయన ఇంటి ముందే వేశాం, పది నిమిషాల పని, కుదుపులు పోయాయి. 135కీ 140కీ తేడా ఏముందిలే అనిపిస్తుంది, వెబర్ నంబర్ అంటే రంధ్రం మిల్లీమీటర్లో వందో వంతుల్లో, 1.35, 1.40, కానీ పెట్రోల్ పోయేది వైశాల్యాన్ని బట్టి కదా, అక్కడ తేడా 7.5 శాతం. అందుకే జెట్‌ని సూదితో, డ్రిల్‌తో పొడిచి పెద్దది చేస్తామనేవాళ్ళ దగ్గరికి పోకండి. ఇంకో తలనొప్పి, మికునీ కార్బుల్లో చాలా జెట్ల నంబర్లు పారే పెట్రోల్ లెక్క, హోలీ నంబర్లు ఇంకోటి, ఒకదాని నంబర్ చూసి ఇంకోదానికి వెయ్యడం కొండ నాలుకకి మందేసినట్టే.

చెన్నై ఎండ గురించి కూడా ఒక మాట. టీ నగర్లో బండి ఆపి అరగంటలో వస్తే స్టార్ట్ అవ్వలేదు, ఇంజన్ వేడికి ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగి మానిఫోల్డ్‌లోకి కారిపోతుంది. పెడల్ టపటపా కొట్టకుండా పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే లేస్తుంది. తర్వాత కార్బ్ కింద మందపాటి బేకలైట్ స్పేసర్ వేశాక చాలావరకు తగ్గింది. మా ఆవిడ ఆ అరగంట ఎండలో నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక సైలెన్సర్ పైపుకి బొక్క పెట్టి వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగని చూసి గాలి, పెట్రోల్ లెక్క చెప్పేది) వేయించా, దానిలో 14.7 లెక్క పెట్టుకోకుండా ల్యాంబ్డా పెట్టుకోండి, ఏ పెట్రోలైనా సరిగ్గా కుదిరితే 1, తగ్గితే రిచ్. నేను ఐడ్లింగ్‌లో 0.9 చుట్టుపక్కల, నిలకడగా పోయేటప్పుడు 1 దగ్గర, పూర్తిగా తొక్కితే 0.88 ఉండాలని చూసుకుంటున్నా. సెన్సర్ కొనే ఉద్దేశం లేనివాళ్ళకి చవకైన దారి పీయూసీ సెంటర్. నా బండి వయసు పెట్రోల్ కార్లకి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు, డీసీఓఈలతో 5 దాటి ఫెయిలయింది, 55 ఐడిల్ జెట్ వేసిన వారం 1.8 వచ్చింది. ఆ కుర్రాడు సర్టిఫికెట్ ఇచ్చేశాక కూడా గొట్టం తియ్యకుండా రెండు నిమిషాలు మిక్చర్ స్క్రూ తిప్పుకోనిచ్చాడు, నంబర్ ఎలా ఎగిరి దిగుతుందో కళ్ళారా చూశా, చాయ్‌కి డబ్బులిస్తే వద్దన్నాడు.

ప్రస్తుతం మిగిలింది రెండో గొంతు. అందులో 140 ఉంది, పూర్తిగా తొక్కితే 0.82 చూపిస్తోంది, మరీ రిచ్. 135 వేసి చూడాలి, చూడాలంటే ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ దాటాక హోసూరు రోడ్డు ఖాళీగా ఉండాలి, అంటే ఆదివారం పొద్దున్నే ఐదింటికి. మేస్త్రికి చెప్తే తనూ వస్తానన్నాడు, అత్తిబెలె దగ్గర ఇడ్లీ మాత్రం నా ఖర్చట.